రంగు వెల, కొరత వెల

ఒక వస్తువును మెచ్చుకొనుట వేఱు. ఆ వస్తువు మనకు మాత్రమే యున్నదని మెచ్చుకొనుట వేఱు. ఈ రెండు మెప్పులును ఒకే నోటినుండి, ఒకే మాటలతో వెలువడుచుండుటచేత మనము వానిని వేఱుపఱుపలేకున్నాము. "ఎంత బాగున్నది!" అని మన మనునపుడు కన్ను మాటాడుచున్నదో, గర్వము మాటాడుచున్నదో వినువారికే కాదు, అనుచున్న మనకే తెలియదు. చిన్న విషయములలో నీ భేదమును గుర్తింపనివారు పెద్ద విషయములలో గుర్తింపగలరని నమ్ముట కష్టము. కావున మిక్కిలి చిన్నదగు నొక విషయమును, అనగా చేతిగడియారపు ముఖముయొక్క రంగును తీసికొని, దీనిని గూర్చి విచారింప దలచితిని.

ఈ విచారమునకు కారణ మిది. మా మేనల్లునకు పెండ్లి నిశ్చయమైనది. చదువుకొన్నవాడు, మంచి యుద్యోగములో నున్నవాడు, మాటలో మర్యాద గలవాడు. మొన్న నొక సాయంకాలము వచ్చి, తన ఫోనులో రెండు గడియారముల బొమ్మలను చూపెను. రెండును ఒకే కంపెనీవి. ఒకే పేరు గలవి. విందులకును వేడుకలకును మంచి దుస్తులతో ధరించు జాతికి చెందినవి. పలుచని ఒడలు, తోలుపట్టీ, సన్నని ముండ్లు, అంకెలకు బదులు చిన్న గీతలు. చొక్కాచేతి యంచు క్రింద నడగియుండి, చూడవలసివచ్చినపుడు మాత్రమే కనబడుట యీ జాతి గడియారముల మర్యాద. ఒకదాని ముఖము దంతపు తెలుపు. అది యెప్పుడు కావలసిన నప్పుడు దొరకును. రెండవదాని ముఖము ముదురు పచ్చ. నడుమ చివురువలె లేతగా మొదలై, అంచున చీకటివలె ముదిరినది. దాని వెనుక మూతపై, ఐదువందలలో నిది యిన్నవది యని సంఖ్య చెక్కబడియున్నది. ఐదువందలు ముగిసినపిమ్మట నీ పచ్చనిది చేయబోమని కంపెనీవారి ప్రతిజ్ఞ. దీని వెల తెల్లనిదాని వెలకు ఒకటిన్నర రెట్లు.

"మామయ్యా, రెంటిలో ఏది మంచిదో మీరు చెప్పండి" అని యడిగెను.

"కొనునది యెవరు నాయనా?" అంటిని.

"కాబోయే మామగారు. ఏ వాచీ కావాలో నన్నే చెప్పమన్నారు."

ఆ మాటను కొంతసేపు ప్రక్కనుంచి, ముందుగా గడియారముల సంగతియే చూతము.

రెంటిలోని యంత్ర మొకటే. ఒడలొకటే, అద్ద మొకటే, తోలుపట్టీ యొకటే. పచ్చనిది తెల్లనిదానికంటె కాలమును సరిగా చూపునదియు కాదు, ఎక్కువకాలము మన్నునదియు కాదు. భేదము రెండు విషయములలోనే కలదు: ఒకటి రంగు, రెండవది సంఖ్య. కాబట్టి కొనువాడు చెల్లించు నదనపు వెలలో రెండు వెలలు కలిసియున్నవి. రంగు వెల యెంత? కొరత వెల యెంత? అంగడివాడు వీనిని విడదీసి చెప్పడు. తీర్పు చెప్పువాని మొదటి పని, ఆ ముడిని విప్పుటయే.

మొదట రంగు. రంగు పైమెఱుగని, వివేకులు దానిని లెక్కచేయరని కొందఱు పెద్దలు చెప్పుదురు. నేనట్లు చెప్పజాలను. గడియారపు ముఖమునకు రంగు నిన్న పుట్టిన వెఱ్ఱి కాదు. 1930వ సంవత్సర ప్రాంతమున మన దేశములో పోలో ఆడుచుండిన బ్రిటిష్ సైనికోద్యోగులు, ఆటలో తమ గడియారపు అద్దములు పగులుచున్నవని చెప్పుకొనగా, ముఖమును లోపలివైపునకు త్రిప్పి దాచుకొనదగిన దీర్ఘచతురస్రపు గడియార మొకటి కల్పింపబడెను. దాని పేరు రివర్సో. 1931 మార్చిలో పారిసునందు దాని పేటెంటునకు దరఖాస్తు పెట్టబడెను. ఆటస్థలమునకై పుట్టిన యా గడియారమే నేడు వేడుక గడియారములలో పెద్దపేరు గడించినది. తొలి దశాబ్దముననే అది నలుపు, ఎఱుపు మొదలగు రంగుల ముఖములతోగూడ వచ్చెను. దానివలన దాని గాంభీర్యమునకు లోటు కలుగలేదు.

మఱియు, రంగునకు గల విలువ యెట్టిదో తెలిసికొనగోరువారు, రంగును పోగొట్టుకొన్నవారి నడుగవలెను. భర్త మరణించిన నాటినుండి స్త్రీ చీరలోని రంగును, నుదుటి కుంకుమను, చేతి గాజులను సంఘము లాగికొనుచుండిన దినములు మన కుటుంబముల జ్ఞాపకములో నింకను చెఱగిపోలేదు. ఆ యాచారపు ఛాయలు కొన్ని యిండ్లలో నేటికిని గలవు. మా బాల్యములో మా పెద్దత్తగారు పెండ్లిపందిటికి దూరముగా, వంటయింటి గుమ్మమున, తెల్లని పంచెలో కూర్చుండి, లోపలికిని వెలుపలికిని తిరుగుచున్న పట్టుచీరల నట్లే చూచుచుండెడిది. రంగు అంత చిన్న విషయమే యైనచో, దానిని తీసివేయుట దండన యెట్లయ్యెను? కన్నునకు సంతోషము గలిగించుట వ్యర్థకార్యము కాదు. కావున ఆ పచ్చనిముఖము బాగున్నదని మా మేనల్లు డనిన మాటను నేను తేలికగా త్రోసివేయలేదు. నా కంటికిని బాగుగనే యుండెను. తెలుపుకంటె నది యొక పిసరు మేలని కూడ చెప్పుదును. దీపపు వెలుతురులో అది నల్లబడును గాని, బంగారు రంగు ముండ్లు స్పష్టముగా కనబడును గనుక, గడియారముగా దానియందు దోషము లేదు. రంగునకై కొంత వెల యధికముగా నిచ్చుట న్యాయమే.

అయితే రంగునకు గల స్వభావ మొకటి గమనింపుడు. అది పంచుకొనుటవలన తరుగునది కాదు. మా ముంగిట పూచిన మందారము పొరుగింటనుగూడ పూచినచో, మా మందారపు ఎఱుపు తగ్గునా? ఐదువందలమంది చేతులనున్న పచ్చదనము ఐదులక్షలమంది చేతులనున్నను అదే పచ్చదనము. సంఖ్య రంగునకు ఏమియు కలుపదు. మఱి దేనికి కలుపుచున్నది?

ఇక్కడ మనము కొరతలో రెండు విధములను వేఱుచేయవలెను. చేతికి సాధ్యముకానందున గలుగు కొరత యొకటి. మాటచేత గలిగించు కొరత మఱియొకటి. పోచంపల్లి నేతగాడు నూలును ముందుగా కట్లుకట్టి, రంగులలో ముంచి, ఆరవేసి, పిదప మగ్గమునకెక్కించి చీర నేయును. పోగు వెంట్రుకవాసి జరిగినను పువ్వు అంచు మాఱును. అట్టి రెండు చీరలు అచ్చముగా నొకటే యగుట దుర్లభము. అట్లే గడియారములలో ఎనామెలు ముఖము గలవి కొన్ని యున్నవి. గాజుపొడిని లోహపు పలకపై పఱచి, దాదాపు 800 డిగ్రీల వేడిలో పలుమాఱులు కాల్తురు. ఒక్క నెఱ్ఱె పడినను, ఒక్క నలుసు పడినను ఆ పలక పనికిరాదు. ఎన్నో పలకలు కొలిమిలోనే నశించును. ఇట్టి వస్తువులు కొద్దిగా నుండుటకు కారణము మనుష్యుని చేయి, కాలము, నిప్పు. వానికి మన మిచ్చు అధికమైన వెల శ్రమకు చెల్లును. అది ఋణము తీర్చుటయే.

మా మేనల్లుడు చూపిన గడియార మట్టిది కాదు. దాని ముఖము ఇత్తడి రేకుపై యంత్రముచేత పూయబడిన రంగు. ఐదువందల యొకటవదానిని చేయుటకు కంపెనీవారి యంత్రమునకు శక్తి లేకపోలేదు. చేయబోమని వారు నిశ్చయించిరి. ఆ నిశ్చయమువలన గడియారములో నేమియు మాఱలేదు. మాఱినది గడియారము వెలుపలనున్న లోకము: కోరియు పొందలేనివారు కొందఱు సృష్టింపబడిరి. కొనువాడు చెల్లించు కొరత వెల, చక్కగా విచారించినచో, వారి లేమికి చెల్లించు వెలయే. "నాకు కలదు" అను మాటకుగాక "నీకు లేదు" అను మాటకు మనము పైకము పోయుచున్నాము.

ఇది యెంతవఱకు పోగలదో చూపుటకు ఒక దృష్టాంతము చాలును. స్విట్జర్లండులోని పటేక్ ఫిలిప్ అను గడియారపు సంస్థకును, అమెరికాలోని టిఫనీ యను నగల వర్తకులకును 1851వ సంవత్సరమునుండి వ్యాపార సంబంధము కలదు. ఆ సంబంధమునకు 170 ఏండ్లు నిండిన గుర్తుగా 2021 డిసెంబరులో నాటిలస్ అను ఉక్కు గడియారమును, టిఫనీవారి పెట్టెల కుండు లేత నీలిపచ్చ రంగు ముఖముతో, 170 మాత్రమే చేసిరి. ఇది వేడుక గడియారము కాకపోయినను మన ప్రశ్నకు సరిపోవును; ఏలయన, అంతకుముందుండిన ముదురునీలపు నాటిలస్‌కును దీనికిని ముఖ్యమైన భేదము రంగే. దీని వెల 52,000 డాలర్లకు పైచిలుకు. వానిలో నొకదానిని న్యూయార్కులో ఫిలిప్స్‌వారు వేలము వేయగా 65 లక్షల డాలర్లు పలికెను. ఆ సొమ్ము నేచర్ కన్జర్వెన్సీ యను ప్రకృతి సంరక్షణ సంస్థకు పోయినదని న్యాయముగా చెప్పవలెను. దానములో కొంత ఔదార్యము నుండవచ్చును. కాని యంత దానమును దానముగానే యిచ్చుటకు అడ్డమేమియు లేదు గదా. ఆ వెలలో ఉక్కునకు, యంత్రమునకు, రంగునకు, దానమునకు చెందిన భాగములను తీసివేసిన తరువాత మిగులున దేదో, దానికి మన భాషలో మంచి పేరు లేదు.

దీనికి రెండు ఆక్షేపణలు వచ్చును. మొదటిది: "మనుష్యునకు తనదైన వస్తు వొక్కటి యుండవలెనను కోరిక సహజము. అందఱివంటి వస్తువుతో తృప్తిపడుమనుట మనస్సును చంపుట కాదా?" ఇది మంచి ప్రశ్న. కాని సంఖ్య చెక్కుటవలన వస్తువు మనదగునా? అది కొనకముందే చెక్కబడియున్నది. ఎవడు కొన్నను అదే సంఖ్య. వస్తువు మనదగుట మనతోడి జీవితమువలన. పట్టీకి మన చేతి చెమటవలన పట్టిన నలుపు, మనకు గుర్తున్న ప్రయాణములో అద్దముపై పడిన గీత, ఇవి లోకములో నొక్కదానికే యుండును. వీనిని ఏ కంపెనీయు అమ్మజాలదు.

రెండవ యాక్షేపణ మింకను బలమైనది: "కొత్త రంగు అమ్ముడగునో కాదో యని భయపడి వర్తకుడు కొద్దిగా చేయుట వివేకము గదా. చిన్న కార్ఖానావాడు అంతకంటె చేయలేడు గదా." నిజమే. అట్టివానిని నేను తప్పుపట్టను. చేయగలిగినంత చేసి యింతే చేసితిననువాడు సత్యము చెప్పుచున్నాడు. చేయగలిగియు చేయననుటనే సరకుగా నమ్మువాడు వేఱు. ఇద్దఱి సంఖ్యలును చూచుటకు ఒక్కవిధముగనే యుండును. అందుచేతనే కొనువాడు విచారింపవలెను.

ఇంతవఱకు చదివినవారు, ఈ రచయిత తాను కొరత గర్వమును జయించినవాడై పరులకు బోధించుచున్నాడని తలపవచ్చును. అట్లు తలంపనిచ్చుట దొంగతనము. నా కథయు చెప్పెదను.

నా చేతినున్నది హెచ్.ఎం.టి. వారి జనతా గడియారము. ప్రతిదినము ఉదయమున కీ యిచ్చి త్రిప్పుకొనవలసినది. బెంగుళూరిలో ఆ సంస్థవారు జపానుదేశపు సిటిజన్ కంపెనీ సాయముతో గడియారపు కర్మాగారమును 1961లో స్థాపించిరి. నా పెండ్లి 1974లో జరిగినది. ఆ దినములలో ఆ గడియారములు కోరినవారందఱకును దొరకెడివి కావు. చెప్పుకొని వేచియుండవలసి వచ్చెడిది. మా మామగారు పల్లెలో బడిపంతులు. అలకపాన్పుపై కూర్చుండబెట్టి, ఏమి కావలెనో కోరుకొమ్మని నవ్వుచు నడిగిరి. నేనును నవ్వుచునే గడియారము కోరితిని. అందఱును నవ్విరి. మూడు నెలలకు గడియారము వచ్చెను. ఆ యూరి అల్లుండ్రలో మఱియొకని కది లేదని నాకు తెలిసియుండుటచే, మోచేతివఱకు చొక్కా మడిచి తిరిగితిని.

నలువదేండ్లు గడచెను. 2014లో ఆ గడియారముల సంస్థను మూసివేయుదురను వార్త వచ్చెను. 2016 జనవరిలో కేంద్రమంత్రివర్గ సంఘము దాని మూసివేతకు ఆమోద మిచ్చెను. మొదటి వార్త వచ్చిననాడు జనులు మిగిలిన గడియారములకై పరుగిడిరి. పాతవానికి వెలలు పెరిగెను. నేను వార్తాపత్రికను మడిచి, మా యింటామెతో, "మన గడియారమునకు వెల పెరిగినది" అని సంతోషముతో చెప్పితిని. ఆమె బియ్యములో రాళ్ళు ఏరుచు, తల యెత్తకయే, "ఆ వెల మా నాన్న అప్పుడే కట్టారు" అనెను. మా మామగారు ఆ గడియారమునకై వడ్డీకి తెచ్చి, రెండు సంవత్సరములు తీర్చిరని నా కానాడు తెలిసెను.

నే నానాడు దేనికి సంతోషించితిని? గడియారము ముందురోజున నడిచినట్లే నడుచుచున్నది. దానిలో కొత్త గుణ మొకటియు పుట్టలేదు. దానిని చేసిన కర్మాగారము మూతపడబోవుచున్నది. అందు పనిచేసినవారు జీవనమునకు వేఱుదారి వెదకికొనవలసియున్నారు. నా గడియారమునకు గల్గిన యరుదుదనము వారి నష్టముయొక్క రెండవ పేరు. కొరతను చూచి సంతసించువాడు తెలిసియో తెలియకయో ఎవరి లేమినో చూచి సంతసించుచున్నాడను మాట నేను గ్రంథములలో నేర్చినది కాదు. బియ్యపు చాటముందు నేర్చితిని.

ఆ పిదప నింకొకటియు జూచితిని. పాతగడియారముల యంగళ్ళలో, జనతా గడియారముల పాత ముఖములను గీకివేసి, ఎఱుపు, పసుపు, నారింజ రంగులు పూసి, ఇవి అరుదైనవని చెప్పి అమ్ముచున్నారు. కర్మాగార మెన్నడును చేయని రంగులు! కొన్నవారు మోసపోయితిమని దుఃఖింతురు. కాని, ఆ రంగే వారికి నచ్చినదైనచో, ఎవరు పూసిన నేమి? వారు కొన్నది రంగు కాదు, కొరత. రంగు కన్నునకు కనబడును గనుక దానియందు మోసము చేయుట కష్టము. కొరత కనబడదు, చెప్పువాని మాటయందే యుండును. మాటను కొనువాడు మాటచేతనే మోసపోవును.

కావున మా మేనల్లునకు ఒక పరీక్ష చెప్పితిని. కొరత వస్తువు నెదుట నిలిచినపుడు ఎవరైనను తమ్ముతాము అడుగుకొనదగిన ప్రశ్న యది: "రేపటినుండి ఈ పచ్చని గడియారము ప్రతి యంగడిలోను దొరకునని, నీ కచేరీలో ప్రతివాని చేతను ఇదే యుండునని తెలిసినచో, నీ కిది ఇంకను కావలెనా? కావలెనన్నచో నీకు రంగు ప్రియము; సంతోషముగా ధరింపుము. అక్కఱలేదన్నచో నీవు కోరుచున్నది గడియారము కాదు."

వాడు తొందరపడి బదులు చెప్పలేదు. అందుకు వానిని మెచ్చుకొంటిని. కొంతసేపటికి, "రంగు నిజంగానే బాగుంది మామయ్యా" అనెను. మఱికొంతసేపటికి, "కాని అందరికీ ఉంటే ఇంత వెల పెట్టను" అనెను.

"అయిననిప్పుడు రెండు వెలలును నీకే తెలిసినవి. ఇక మూడవ వెల సంగతి చూడుము. పెట్టునది నీవు కాదుగదా" అంటిని.

మేము అడుగలేదని, వారే యడిగించుకొన్నారని వాడు చెప్పెను. అది నిజమే. 1961లో, మన దేశమున జనతా గడియారపు కర్మాగారము వెలసిన సంవత్సరముననే, వరకట్న నిషేధ చట్టమును వచ్చెను. కోరకుండ నిచ్చిన కానుకలను, కొన్ని నియమములకు లోబడియున్నచో, ఆ చట్టము తప్పుగా నెన్నదు. కాని చట్టము చూచునది నోటిమాటను. నవ్వుచు నడిగినవారికిని నవ్వుచు నిచ్చినవారికిని నడుమ నేమి జరిగినదో అది చూడజాలదు. ఐదువందలమందిలో నొకడనని తలచుకొను సుఖము నీది. దాని వెల పిల్లనిచ్చినవానిది. గొప్పతనము మఱియొకరి లేమివలన పుట్టినదగుటయే చాలదా? దాని ఖర్చుగూడ మఱియొకరే భరింపవలెనా?

ఈ ప్రశ్నలను వానితో నింత కఠినముగా ననలేదు. చదువరులతో ననుచున్నాను, ఏలయన, మన యిండ్లలో నేటికిని అలకపాన్పులు పఱచుచునే యున్నాము, నవ్వుచునే యున్నాము. వానితో మాత్రము నా గడియారపు కథ చెప్పి, చేతినుండి తీసి చూపితిని. వాడు దానిని చెవివద్ద నుంచుకొని చప్పుడు వినెను. ముఖము వెలసినది, అది మొదట నే రంగుగా నుండెనో వానికి తెలియదు. నన్నడుగను లేదు.

వెళ్ళునపుడు, "మామగారితో నేనే మాటాడుతాను" అని చెప్పి పోయెను. ఏమి మాటాడునో పెండ్లినాటికి తెలియును.